మోటారు బండి ముందుపలకను చదువుట



నేటి దినమున మోటారు బండి తిరుగని పల్లె మన తెలుగునాట అరుదు. ధాన్యము మార్కెట్టునకు చేర్పవలెనన్నను, రోగిని పట్టణమందలి వైద్యశాలకు కొనిపోవలెనన్నను, పెండ్లికి తరలిపోవలెనన్నను కారో, జీపో, ట్రాక్టరో కావలసియున్నది. బండి తోలువాడు ఇంటి కుఱ్ఱవాడు. కారులో వాని ప్రక్క కూర్చుండువారు తఱచుగా తమవంటి పెద్దలు. తోలువాని చూపు దారిమీద నుండవలెను. ప్రక్కనున్న పెద్దల చూపు అప్పుడప్పుడు ముందుపలకమీద నిలువవచ్చును. ఆ పలకమీది గుఱుతులను చదువ నేర్చినవారు బండిని తోలకయే బండిని కాపాడగలరు. అందున్న ప్రాణములను కాపాడగలరు. ఈ పావుగంటలో ఆ చదువును గుఱించి నాలుగు మాటలు విన్నవింతును.

స్టీరింగు చక్రము వెనుకనున్న ఈ పలకను డ్యాష్‌బోర్డు అందురు. ఈ మాటకు మూలము మోటారు కాదు, గుఱ్ఱపు బండి. గుఱ్ఱపు గిట్టలు చిమ్మెడి బురద బండివాని మీద పడకుండ ముందు నిలిపిన పలకకు పూర్వము ఆ పేరు పెట్టిరి. గుఱ్ఱము పోయినది, ఇంజను వచ్చినది, పేరు మాత్రము నిలిచినది. పని మాఱినది. నాటి పలక బురదను ఆపెను. నేటి పలక కీడును ముందుగా తెలుపును.

పశువు తన అలసటను దాచుకొనలేదు. గుఱ్ఱము నురుగు గ్రక్కును. ఎద్దు నాలుక వ్రేలవైచి రొప్పును, మోయలేనినాడు కాడి క్రింద మోకరిల్లును. ఇంజను అట్లు కాదు. చమురు తఱిగినను, నీరు ఇంకినను, విఱిగిపోవు క్షణము వఱకు అది పరుగెత్తుచునే యుండును. తన బాధను చెప్పుకొనుటకు దానికున్న నోరు ముఖ్యముగా ఈ పలకయే.

పలకమీద రెండు తెగల గుఱుతులు కలవు. ముల్లు గల మీటరులు ఒక తెగ. ఇవి ఎంత యున్నదో చెప్పును. దీపములు రెండవ తెగ. ఇవి మేలా కీడా యని మాత్రము చెప్పును. క్రొత్త బండ్లలో ముల్లునకు బదులు అంకెలు చూపెడి తెర యుండవచ్చును గాని అర్థమొకటియే. దీపములలో మొట్టమొదట చూడదగినది రంగు. ఎఱుపు అపాయము, బండి వెంటనే నిలువవలెను. పసుపు హెచ్చరిక, మెల్లగా ఇల్లు చేరవచ్చును గాని త్వరలో మెకానిక్కునకు చూపవలెను. పచ్చయు నీలమును సమాచారము మాత్రమే. దూరపు వెలుతురు వేసినపుడు నీలము వెలుగును; మలుపు దీపము వేసినపుడు పచ్చ మినుకుమినుకు మనును. ఈ బొమ్మలను ఒక్కొక్క కంపెనీ తన యిష్టము వచ్చినట్లు వ్రాయలేదు. అంతర్జాతీయ ప్రమాణ సంస్థవారి 2575వ ప్రమాణము వీనిని నిర్ణయించినది. కావున జపానులో చేసిన బండికిని, మన పెనుగొండ దగ్గఱ చేసిన బండికిని ముఖ్యమైన బొమ్మ లొక్కటియే. ఇది అక్షరములు లేని లిపి. చదువురాని ముసలమ్మయు ఒక్క సాయంకాలమున నేర్చుకొనదగినది.

తాళపు చెవి త్రిప్పి, ఇంజను నడువకముందు ఒక క్షణము ఆగినచో ముఖ్యమైన హెచ్చరిక దీపములన్నియు ఒక్కమారు వెలుగును. ఇది దోషము కాదు. బడిలో పంతులు హాజరు పిలుచుట వంటిది. ప్రతి దీపమును తాను పనిచేయుచున్నానని పలుకును. ఇంజను నడువసాగిన కొన్ని క్షణములకు అవి ఆఱిపోవలెను. హ్యాండ్ బ్రేకు వేసియున్నను, సీటు బెల్టు కట్టుకొనకున్నను వాని దీపములు మాత్రము నిలుచును. హాజరు పిలిచినపుడు పలుకని దీపమును అనుమానింపవలెను. పాత బండి కొనబోవువారికి ఇది మిక్కిలి పనికివచ్చు పరీక్ష. దోషము కనబడకుండుటకై దీపమునే వెలుగనీయక చేసి అమ్మువారు లోకమున లేకపోలేదు. అది రోగము కుదుర్చుట కాదు, రోగి నోరు కట్టుట.

ఇక మీటరులలో మొదట తెలియదగినది వేడిమి మీటరు. దీని గుఱుతు అలలలో నిలిపిన ఉష్ణమాపకము. కొన్ని బండ్లలో ముల్లు లేక దీపము మాత్రమే యుండును. ఇంజను చల్లగా నున్నపుడు నీలము, మితిమీఱినపుడు ఎఱుపు. సిలిండరు లోపల ఇంధనము మండునపుడు వేడిమి క్షణకాలము 2,000 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. ఇంధనమున నున్న శక్తిలో సుమారు మూడవవంతు మాత్రమే బండిని నడుపుటకు వచ్చును. తక్కినదానిలో చాల భాగము పొగగొట్టము వెంట పోవును. మఱికొంత వేడిని ఇంజను చుట్టు తిరిగెడి నీరు గైకొని రేడియేటరునకు చేర్చును. అచట గాలి దానిని చల్లార్చును. ఈ ప్రవాహము చక్కగా సాగినంతకాలము నీటి వేడిమి 90 డిగ్రీల ప్రాంతమున నిలుచును. ముల్లు నడుమ నుండును. బెల్టు తెగినను, ఫ్యాను తిరుగకున్నను, గొట్టము చిల్లిపడి నీరు కాఱినను, రేడియేటరు రెక్కలలో పొట్టు క్రమ్మినను ముల్లు పైకెక్కును. నూర్పిళ్ళనాడు ట్రాక్టరు రేడియేటరు జల్లెడకు పొట్టు పట్టుట తామెఱిగినదే. అట్టి దినములలో ప్రతి సాయంకాలము ఇంజను చల్లారిన పిమ్మట దానిని దులిపి శుభ్రపఱుపవలెను.

ముల్లు ఎఱ్ఱగీటును తాకినచో ముందు ఏ.సి. ఆపి, బండిని దారి ప్రక్కకు తీసి, ఇంజనును ఆపవలెను. అటుపై చేయవలసినదానికంటె చేయరానిదే ముఖ్యము. వేడిగా నున్న ఇంజను రేడియేటరు మూతను తెఱవరాదు. ఇంటిలోని ప్రెజరు కుక్కరును తలచుకొనుడు. మూతక్రింద ఒత్తిడి యుండుటచే నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత తీసిన క్షణముననే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై పైకి చిమ్మును. ముఖమును, చేతులును కాల్చుకొనుట ఈ తొందరపాటు చేతనే. అఱగంటకు తక్కువ కాకుండ, మూతమీద చేయి పెట్టి తాళగలిగిన వఱకు వేచియుండవలెను. వేడి ఇంజనుపై చన్నీళ్ళు క్రుమ్మరింపరాదు. కాగిన రాయి పగులునట్లు లోహమును పగులవచ్చును. ఫ్యాను దగ్గఱ కండువా వ్రేలాడనీయరాదు; పెక్కు కార్లలో ఇంజను ఆపిన తరువాతను ఫ్యాను తనంతట తాను తిరుగుట కలదు. మఱొక సూక్ష్మము చెప్పెదను. పైకెక్కిన ముల్లు అకస్మాత్తుగా క్రిందికి పడినచో శాంతించినదని సంతోషింపరాదు. నీరంతయు కాఱిపోయినపుడు, వేడిమిని కొలచు పరికరము నీటిలో నుండకపోవుటచే, మీటరు తప్పుగా చల్లదనమును చూపవచ్చును.

రేడియేటరులో నుండవలసినది ఉత్తనీరు కాదు, కూలెంటు కలిపిన శుద్ధజలము. మన బోరునీటిలో లవణములు మెండు. నీళ్ళు కాచెడి పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టుటను నిత్యము చూచుచున్నాము గదా! ఆ పెచ్చే రేడియేటరులోని సన్నని గొట్టములలో కట్టినచో నీటికి దారి యుండదు. ఆపదలో దొరికిన మంచినీరు పోసి ఇల్లు చేరవచ్చును. పిమ్మట దానిని తీయించి కూలెంటు నింపింపవలెను. కూలెంటు రుచికి తియ్యగా నుండును గాని విషము. పసిబిడ్డలకును, కుక్కలకును, దూడలకును అందని చోట దాచవలెను. నేలపై ఒలికినచో వెంటనే కడిగివేయవలెను.

రెండవది ఆయిలు దీపము. కొమ్ము గల నూనెబుడ్డి, దాని కొస నుండి జాఱుచున్న బొట్టు, ఇది దాని బొమ్మ. ఎఱుపు దీపములలో దీనికంటె తొందరపెట్టునవి కొలదిగా నున్నవి. మన పూర్వులు ఎద్దుబండి ఇరుసుకు కందెన వేసెడివారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత. ఎద్దుబండి ఆ సంగీతముతో ఊరెల్ల మేలుకొలిపియు మఱి నాలుగు క్రోసులు పోగలదు. ఇంజను పోజాలదు. నిమిషమునకు రెండు వేలు, మూడు వేల మారులు తిరిగెడి ఇరుసునకును, దానిని మోసెడి బేరింగునకును నడుమ వెండ్రుకకంటె పలుచనైన చమురుపొర యొక్కటియే అడ్డము. ఆ పొరను నిలుపునది ఆయిలు పంపు కలిగించు ఒత్తిడి. ఒత్తిడి పోయినచో లోహము లోహమును ఒరయును, కాగును, కరగి పట్టుకొనును. ఇంజను సీజైనదని మెకానిక్కులు చెప్పుట కిది ముఖ్యకారణము. అప్పుడు సంగీతము వినబడును గాని, విని ప్రయోజనము లేదు. ఈ దీపము వెలిగిన పిమ్మట మనకుండు గడువు గంటలతో లెక్కించునది కాదు, క్షణములతో లెక్కించునది.

ఇచట పెద్దల పాత్రను గుఱించి ఒక్కమాట చెప్పక తప్పదు. పెండ్లికి పోవు బండియని తలంపుడు. ముహూర్తము దగ్గఱ పడినది. ఊరు ఇంక మూడు మైళ్ళున్నది. ఎఱ్ఱదీపము వెలిగినది. తోలెడి కుఱ్ఱవాడు వేగము తగ్గించి సందేహించును. అంతలో వెనుకనుండి, “ఎంతదూరము నాయనా, ఇదిగో వచ్చినాము, పోనిమ్ము” అను మాట వినవచ్చును. ఆ మాట తఱచుగా పెద్దలదే. కుఱ్ఱవాడు దీపమును చూచియే యుండును. కాని పెద్దల మాటను దాటలేక తోలును. మూడు మైళ్ళలో, లీటరు ఆయిలుతో తీరిపోవలసిన పని ఇంజనునంతయు విప్పి క్రొత్త భాగములు వేయు వఱకు వచ్చును. అప్పు చేసి కొన్న బండియైనచో వాయిదా సొమ్ము ఆగదు, సంపాదన మాత్రము ఆగును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యిదియే. అదే పెద్దవారు, “ఆపు నాయనా, వేఱొక బండి చూతము” అన్నచో కుఱ్ఱవాని సందేహము తీరును. ఆ ఒక్కమాట చెప్పు అధికారము కుటుంబమున పెద్దలకే కలదు.

ఆయిలు దీపమును గుఱించి పెక్కుమందికి గల భ్రమ నొకదానిని తొలగింపవలెను. ఈ దీపము ఆయిలు ఎంత యున్నదో చెప్పదు. ఒత్తిడి యున్నదా లేదా యని చెప్పును. దీపము వెలుగలేదు గనుక ఆయిలు నిండుగా నున్నదని నమ్మరాదు. ఎంత యున్నదో తెలుసుకొనుటకు ఇంజనులో నొక కడ్డీ కలదు. దానిని డిప్‌స్టిక్కు అందురు. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు, కడ్డీని తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి, తిరిగి తీసి చూడవలెను. కడ్డీపై రెండు గుఱుతులుండును. ఆయిలు ఆ రెంటి నడుమ నుండవలెను. క్రింది గుఱుతునకు దిగినచో కొంచెము కొంచెముగా పోసి చూచుకొనవలెను. పై గుఱుతును దాటునట్లు పోయుటయు కీడే. తిరిగెడి ఇరుసు దానిని చిలికి నురుగు చేయును, నురుగు ఒత్తిడిని నిలుపజాలదు. డీజిలు ఇంజనులో క్రొత్త ఆయిలు కొలది దినములకే నల్లబడును. మసిని తనలో నిలుపుకొనుటచే కలిగిన ఆ నలుపు దానియంతట అది దోషము కాదు. పాలు కలిపిన కాఫీ రంగు కనబడినచో మాత్రము ఆయిలులో నీరు చేరినదను అనుమానము కలుగవలెను. అట్టి బండిని నడుపక మెకానిక్కును పిలిపింపవలెను.

మూడవది బ్యాటరీ దీపము. చిన్న పెట్టె, దానిపై కూడిక, తీసివేత గుఱుతులు, ఇది దాని బొమ్మ. ఇంజను నడుచుచుండగా ఇది ఎఱ్ఱగా వెలిగినచో బ్యాటరీకి విద్యుత్తు అందుటలేదని అర్థము. బ్యాటరీ తన నిలువను ఖర్చుచేయుచున్నది. నిలువ తీరిన చోట బండి ఆగును. కొన్ని బండ్లలో విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరును, నీటిపంపును త్రిప్పునది ఒకే బెల్టు. కావున ఈ దీపము వెలిగినపుడు వేడిమి మీటరును తప్పక చూడవలెను. రెండును చెడుచున్నచో బెల్టు తెగినదని తలంచి ఆపవలెను. బ్యాటరీ కొసలపై తెల్లని, పచ్చని పొడి పట్టినచో శుభ్రము చేయింపవలెను. బ్యాటరీ నుండి వెలువడు వాయువు నిప్పు తగిలిన ప్రేలును. చుట్టయు బీడియు వెలిగించుకొని దాని దగ్గఱకు పోరాదు.

ఎఱ్ఱని వలయములో ఆశ్చర్యార్థకము వంటి గుఱుతు బ్రేకులకు సంబంధించినది. హ్యాండ్ బ్రేకు దించినను అది ఆఱకున్నచో బ్రేకు ద్రవము తఱిగియుండవచ్చును. తక్కిన దోషములు బండిని చెఱచును; ఇది మనుష్యులను చెఱచును. ఆ బండిని తోలరాదు.

పసుపు దీపములలో ఇంజను బొమ్మ గలది ముఖ్యము. ఇంజను నడకను కనిపెట్టియుండు చిన్న కంప్యూటరు ఏదో లోపమును గమనించి వ్రాసికొన్నదని దీని భావము. నిలుకడగా వెలిగినచో, బండి నడకలో మార్పు లేనిచో, నెమ్మదిగా మెకానిక్కు వద్దకు పోవచ్చును. అతడు ఒక పరికరము తగిలించి ఆ వ్రాతను చదువును. మినుకుమినుకు మన్నచో సిలిండరులో ఇంధనము సరిగా మండుటలేదని తఱచుగా అర్థము. మండని ఇంధనము పొగను శుద్ధిచేయు భాగమునకు చేరి దానిని కాల్చివేయును. అప్పుడు ఆపుటయే మేలు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చిన తరువాత, డీజిలు కార్లలో మసిని పట్టెడి జల్లెడయు చేరినది. ఊరిలో కొద్దికొద్ది దూరములే తిరిగెడి బండికి అది త్వరగా నిండును. దాని దీపము వెలిగినపుడు బండితో వచ్చిన పుస్తకమున చెప్పినట్లు పెద్దదారిమీద కొంతసేపు నిలుకడ వేగముతో నడిపినచో మసి కాలిపోవును.

తక్కిన మీటరులు సులభములు. వేగము మీటరు గంటకు ఎన్ని కిలోమీటరులో చెప్పును. 2019 జూలై 1 తరువాత మన దేశమున తయారైన కార్లలో వేగము 80 దాటినచో హెచ్చరిక ధ్వని వచ్చును. 120 దాటినచో అది ఎడతెగక మ్రోగును. ఇంజను నిమిషమునకు ఎన్ని మారులు తిరుగుచున్నదో చెప్పునది ఆర్.పి.ఎం. మీటరు, ముల్లును దానిలోని ఎఱ్ఱభాగమునకు పోనీయరాదు. ఇంధనపు మీటరు దగ్గఱ పంపు బొమ్మ ప్రక్క చిన్న ముక్కోణపు గుఱుతు అది ఏ వైపునకు తిరిగియుండునో, టాంకు మూత బండికి ఆ వైపున నుండును. డీజిలును అడుగంటనీయరాదు, గొట్టములలో గాలి చేరినచో దానిని వెడలించుట వేఱొక పనియగును. ట్రాక్టరునకు గంటల మీటరు కూడ కలదు. ట్రాక్టరు నిలిచియుండియు నూర్పిడి యంత్రమును త్రిప్పును గనుక, దాని శ్రమను దూరముతో గాక గంటలతో లెక్కింతురు. పెక్కు ట్రాక్టర్లకు 250 గంటల కొకసారియు, పెక్కు పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటరులకో, సంవత్సరమునకో, ఏది ముందు వచ్చిన దానికి, ఇంజను ఆయిలు మార్పవలెనని పుస్తకములందుండును. తమ బండి పుస్తకమే తమకు ప్రమాణము.

దీపములు వెలుగు వఱకు వేచియుండుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది. వారమున కొకనాడు, ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడు పది నిమిషములు చాలును. కడ్డీ తీసి ఆయిలు చూడవలెను. కూలెంటు తెల్లని డబ్బాలో రెండు గీటుల నడుమ నున్నదా యని వెలుపలినుండియే చూడవలెను. బ్రేకు ద్రవపు మట్టము చూడవలెను. బెల్టు బీటలువాఱినదా, టైర్లలో గాలి సరిపడ నున్నదా యని పరికింపవలెను. రాత్రి బండి నిలిపిన చోట నేలపై మరకలున్నవేమో చూడవలెను; నల్లనిది ఆయిలు, పచ్చగనో ఎఱ్ఱగనో జిగటగా నున్నది తఱచుగా కూలెంటు. ఏ.సి. నుండి కాఱిన స్వచ్ఛమైన నీటికి భయపడనక్కఱలేదు. దుమ్ములో తిరిగెడి బండ్లకు గాలి జల్లెడను మఱింత తఱచుగా శుభ్రము చేయవలెను. ఇసుక రేణువు సిలిండరులో చేరినచో ఆకురాయివలె దానిని అఱుగదీయును.

ఇంటిలో బండి యున్న పెద్దలు రేపటి ఉదయమున మనుమనిని ప్రక్క నిలుపుకొని తాళము త్రిప్పింపుడు. వెలిగిన దీపములను ఒక్కొక్కటిగా చూపి పేరు చెప్పింపుడు. బాలురకు బొమ్మలు త్వరగా వచ్చును. ఎఱుపు కనబడిన చోట బండి నిలువవలెనను నియమమును వారికి నేర్పవలసినవారు తామే. తమ బండ్లు చిరకాలము నడుచుగాక, తమవారు క్షేమముగా ఇల్లు చేరుదురుగాక. సెలవు.